పీహెచ్‌డీలో చేరబోయే మనుమరాలికి

కావలి

చిరంజీవి మనుమరాలికి తాతయ్య ఆశీస్సులు.

ఒంగోలులో ఎం.టెక్. ముగించి, కంప్యూటర్ సైన్సులో పరిశోధనకే వెళతానని నీవు రాసిన ఉత్తరం అందింది. మీ నాన్నకు జీతం బెంగ పట్టుకున్నదట. పరిశోధకులకిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వస్తే, 2023 నుంచి అమలులో ఉన్న లెక్క ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆపైన 42,000 రూపాయలు ఇస్తారు. నీ స్నేహితురాళ్ల జీతాల ముందు అది తక్కువే అయినా, చెన్నైలో హాస్టల్లో ఉండేవారికి సరిపోతుంది.

ఏ సంస్థ మంచిదని అడిగావు. సంస్థ పేరు కన్నా ముందు గైడును చూడమంటాను. ఆయన దగ్గర పనిచేసినవారి థీసిస్‌లు, మన విశ్వవిద్యాలయాల థీసిస్‌లను ఉంచే శోధ్‌గంగ వెబ్‌సైటులో దొరికితే రెండు మూడైనా చదువు. అన్నీ ఒకే అచ్చులో పోసినట్లుంటే, అక్కడ స్కాలరు సొంతంగా ఆలోచించే అవకాశం తక్కువని గ్రహించు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, మామూలుగా గరిష్ఠం ఆరేళ్లు. అందరూ ఆరో ఏటికి చేరుతున్న చోట, వారి కాలం దేనికి ఖర్చవుతున్నదో గైడు లేనప్పుడు క్యాంటీనులో కూర్చుని వారినే అడుగు.

అంతకన్నా కష్టమైనది సమస్యను ఎంచుకోవడం. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి చెన్నై గిండీ ఇంజనీరింగు కాలేజీలో చదివినది సివిల్ ఇంజనీరింగు. ఆయన స్టాన్‌ఫర్డులో యంత్రానికి మనిషి మాటను అర్థం చేయించే పనిని పట్టుకుని, 1966లో డాక్టరేటు పొందారు. ఆ పని సామాన్యుల చేతి ఫోనులోకి రావడానికి దశాబ్దాలు పట్టింది. 1994లో కంప్యూటర్ సైన్సులో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు అందుకునే నాటికీ అది ఇంకా సామాన్యుల చేతికి రాలేదు. ఈ ఏడాది అందరూ ఎగబడుతున్న అంశాన్ని ఎంచుకుంటే, నీ థీసిస్ పూర్తయ్యేసరికి వారంతా మరోవైపు వెళ్లిపోయి ఉంటారు. దానికి బదులు మన చుట్టూ ఉన్న సమస్యను చూడు. స్టూడియోలో చదివిన తెలుగుతో శిక్షణ పొందిన యంత్రం, మన తీరం వెంట రొయ్యల గుంటల దగ్గర, నీటికి గాలి అందించే ఏరేటర్ల హోరులో మాట్లాడుకునే మాటల ముందు తడబడుతుంది. ఆ మాటలను, మాట్లాడినవారి అనుమతితో రికార్డు చేసి, అక్షరాల్లోకి ఎక్కించడం నెలల తరబడి విసుగు పుట్టించే చాకిరీయే. కానీ మంచి డేటా లేనిదే ఎంత గొప్ప మోడలైనా ఎందుకూ కొరగాదు.

పేపర్ల సంఖ్య వెంట పడవద్దు. మన రంగంలో పేరున్న కాన్ఫరెన్సులో వచ్చిన పేపరుకు జర్నలు పేపరుతో సమానమైన గౌరవం ఉంది. పదోన్నతులు నిర్ణయించే కమిటీలకు ఆ సంగతి ఒక్కొక్కసారి విప్పి చెప్పవలసి వస్తుందనుకో. డబ్బు కట్టగానే వారంలో అచ్చువేసే జర్నళ్ల జోలికి మాత్రం పోకు. రివ్యూలో తిరస్కరిస్తే, రివ్యూవర్ల అభ్యంతరాలను ఒక్కొక్కటిగా కాగితం మీద రాసుకుని, నిజమైన వాటికి కొత్త ప్రయోగాలతో జవాబివ్వు. కోడూ డేటా వర్షన్లూ తేదీలతో భద్రపరచుకో.

తర్వాత ఏ ఇంజనీరింగు కాలేజీలోనో అసిస్టెంటు ప్రొఫెసరుగా చేరితే క్లాసులు, ల్యాబులు, తనిఖీలకు ఫైళ్లు రోజంతా తినేస్తాయి. ఒకే సబ్జెక్టును రెండు మూడేళ్లు వరుసగా అడిగి తీసుకుంటే పాఠమూ పదునెక్కుతుంది, పరిశోధనకు కాస్త తీరికా మిగులుతుంది.

వచ్చే నెల పినాకిని రైల్లో చెన్నై వెళ్లేటప్పుడు నీ సమస్యను ఒక్క పేజీలో రాసి తీసుకెళ్లు. అది చదివి గైడు ఎదురు ప్రశ్నలు వేస్తే అక్కడ చేరు. చదవకుండానే సీటిస్తానంటే ఇంకొకరిని చూడు.

ఇట్లు,
తాతయ్య