రేకు నొక్కిన తీరుకీ కారులో మోతకీ సంబంధం ఏంటి?

కారు రేకును ప్రెస్‌లో నొక్కే పద్ధతిని బట్టి లోపల మోత మారుతుందా అని అడిగారు. బాగానే మారుతుంది.

బల్లపరుపు రేకు డప్పు తోలు లాంటిది. ఇంజను అదురు తగలగానే మోగుతుంది. అందుకే కారు నేల రేకులో గాడులు, ఉబ్బులు నొక్కుతారు. బరువు పెరక్కుండానే బిగువు పెరిగి, రేకు సహజ పౌనఃపున్యం, అంటే తట్టి వదిలితే అది తనంతట సెకనుకి ఎన్నిసార్లు అదురుతుందో ఆ లెక్క, పైకి జరుగుతుంది. దాంతో ఇంజను అదురుకి అంత తేలిగ్గా మోగదు.

అసలు చిక్కు సాగదీతలో ఉంది. లోతుగా నొక్కితే రేకు అక్కడక్కడ పలచబడుతుంది. వంపును తట్టుకునే బిగువు మందం ఘనాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, 0.7 మి.మీ. రేకు 0.6కి దిగితే అక్కడ దాదాపు 37 శాతం బిగువు పోయినట్టే. నొక్కుడుతో ఉక్కు గట్టిపడుతుంది కదా అంటారు కొందరు. గట్టిపడితే సొట్ట త్వరగా పడదు, అంతే. స్థితిస్థాపక గుణకం, అంటే ఉక్కు సాగకుండా, వంగకుండా ఎంత నిలుస్తుందో చెప్పే అంకె, పెద్దగా మారదు కాబట్టి పోయిన బిగువు తిరిగి రాదు.

తలుపు రేకు మధ్యలో చాలినంత సాగకపోతే ఇంకో తంటా: వేలితో నొక్కితే డబ్బా మూతలా టక్కుమంటుంది.

ఇక డై (రేకును నొక్కే అచ్చు) నుంచి తీశాక రేకు కాస్త వెనక్కి విచ్చుకుంటుంది. దీన్నే స్ప్రింగ్‌బ్యాక్ అంటారు. అధిక బలమున్న ఉక్కులో మరీ ఎక్కువ. అంచులు సరిగా కలవకుండానే బిగించేస్తే, గతుకుల్లో వినిపించే కిర్రుకిర్రు, టకటకల్లో కొన్ని అక్కడ పుట్టినవే.