అన్నిటికంటే పెద్ద సంఖ్య ఏదని పిల్లలు అడిగితే ఏం చెప్పాలి?

అలాంటి సంఖ్య లేదనే చెప్పండి, ఎందుకంటే ఎంత పెద్దది చెప్పినా దానికి ఒకటి కలిపితే ఇంకా పెద్దది వచ్చేస్తుంది. ఇది పిల్లలు తమంతట తామే కనిపెడితే ఇంకా బాగుంటుంది. కోటికి 7 సున్నాలే కదా, కాగితం మీద 1 వేసి పక్కన 100 సున్నాలు పెట్టమనండి. దాన్ని గూగోల్ అంటారు, ఆ పేరు పెట్టింది కూడా అమెరికా గణితవేత్త ఎడ్వర్డ్ కాస్నర్ మేనల్లుడు, చిన్న పిల్లాడే. ఇప్పుడు చివరి సున్నా చెరిపి 1 వేయమనండి. గూగోల్‌ని దాటేశారు!

చాలామంది పొరబడేది అనంతం దగ్గర, అది వరుసలో చిట్టచివరి సంఖ్య అనుకుంటారు. కాదు, లెక్క ఎక్కడా ఆగదని చెప్పే మాట అది. అందుకే "అనంతం ప్లస్ ఒకటి" అని పిల్లలు పోటీపడినా అదీ అనంతమే.