సబ్బు చేస్తానన్న మేనకోడలికి

అమ్మడూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. నువ్వు ఇంట్లోనే సబ్బులు చేయబోతున్నావని, లిప్ బామ్, స్క్రబ్ లాంటివి కూడా చేసి పాత సీసాల్లో నింపి తెలిసినవాళ్లకి ఇద్దామనుకుంటున్నావని చెప్పాడు. చెప్తున్నంతసేపూ వాడి గొంతులో గర్వం ఆగలేదు. చివర్లో మాత్రం కాసేపు మాట్లాడకుండా ఉండి, "ఆ సంగతి దానికి నువ్వే చెప్పక్కా, నేను చెప్పలేను" అన్నాడు. ఏ సంగతో నేను అడగలేదు. రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. ఫోన్‌లో అయితే మధ్యలో ఏడ్చేస్తానని కూర్చుని రాస్తున్నాను.

నీ మీద నాకు నమ్మకం లేక కాదు. ఖాళీ డబ్బా కనిపిస్తే చాలు, దానికి కళ్లూ ముక్కూ అతికించి బొమ్మ చేసేదానివి నువ్వు. నీ చేతిలో పని ఉందని నీకు ఐదేళ్లప్పుడే అన్నాను. ఆ చేతులు కాలకూడదనే నా ఆరాటమంతా.

తేలిక పనులు ముందు. లిప్ బామ్‌కి తేనెమైనం 10 గ్రాములు, షియా బటర్ (షియా గింజల నుంచి తీసే కొవ్వు) 10, నూనె 20. వేడి నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించి పోసెయ్. నేరుగా మంట మీద పెట్టకు. గట్టిగా వస్తే నూనె కొంచెం పెంచు, మెత్తగా వస్తే మైనం పెంచు. స్క్రబ్‌కి పంచదార, నూనె చాలు. తడి చేతులు పెట్టకుండా చూసుకుంటే చాలా రోజులు నిల్వ ఉంటుంది.

నీళ్లు కలిసినవాటితోనే గొడవ. కలబంద గుజ్జు, పూల నీళ్లు, టీ డికాక్షన్ కలిపిన క్రీము ఏదైనా సరే, అందులో బూజూ సూక్ష్మక్రిములూ పెరుగుతాయి. పైకి కనిపించకముందే పెరుగుతాయి. విటమిన్ ఇ చుక్కలు వేస్తే చెడిపోదని చాలామంది అనుకుంటారు. అది నూనె ముక్కవాసన రాకుండా కొంత ఆపుతుంది, అంతే. క్రిముల్ని చంపదు. అందుకని నీళ్లున్నవి ఏ పూటకాపూట చేసుకుని వాడుకో, ఎవరికీ ఇవ్వకు. కలబంద కోసినప్పుడు పసుపు పచ్చగా జిగురు కారుతుంది చూడు, అది కొందరికి దురద పుట్టిస్తుంది. మట్టను పావుగంట నిలబెట్టి అది కారిపోయాకే గుజ్జు తియ్యి. వంటింటి జాబితాలో వెల్లుల్లి నూనె కూడా రాశావట. పచ్చి వెల్లుల్లి నూనెలో మునిగి బయట ఉంటే గాలి తగలని ఆ చోట బొట్యులిజం అనే, నరాలు చచ్చుబడే జబ్బు తెచ్చే విషం తయారవ్వచ్చు. దానికి వాసనా ఉండదు, రుచీ మారదు. ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల్లో వాడెయ్. అందంగా సీసాలో పోసి అలమారలో పేర్చే వస్తువు కాదది.

నిమ్మరసం గురించి మాత్రం తిడతాను. ముఖానికి నిమ్మరసం, వంట సోడా కలిపి రాసుకున్నావట, మీ అమ్మ చెప్పింది. ఎవరు చెప్పారమ్మా నీకు? మన చర్మం పీహెచ్, అంటే పులుపుని కొలిచే అంకె, 5 దగ్గర ఉంటుంది. అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. నిమ్మరసం 2 దగ్గర, వంట సోడా 8 పైన. రెండిట్లో ఏది ఎక్కువైతే అటు లాగుతుంది, నలిగేది నీ బుగ్గలు. పైగా నిమ్మరసం చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టు బొబ్బలొచ్చి, ఆ మచ్చలు నెలల తరబడి పోకపోవచ్చు. నా స్నేహితురాలి చేతి మీద అలా కారిన చారలు నేను కళ్లారా చూశాను. వంటింట్లో దొరికిందల్లా మెత్తనిది అనుకోకు. కొత్తది ఏదైనా మోచేతి మడతలో కొంచెం రాసి రెండు రోజులు ఆగు. సుగంధ తైలాలు ముఖానికైతే నూటికి ఒక వంతు మించకూడదు, అంటే 30 మిల్లీలీటర్ల నూనెలో ఆరు చుక్కలు. ఇంకో చుక్క వేద్దామని చెయ్యి దురద పెడుతుంది. వెయ్యకు.

ఇక సబ్బు.

కాస్టిక్ సోడా లేకుండా సబ్బు బిళ్ల లేదు. ఇది వంట సోడా కాదు, చర్మాన్ని కాల్చే ఘాటైన క్షారం. ఇక్కణ్ణించి సోడా అంటే ఇదే. నూనె, కాస్టిక్ సోడా కలిసి సబ్బూ గ్లిజరినూ అవుతాయి. లెక్క సరిగా ఉంటే పూర్తయిన సబ్బులో సోడా మిగలదు. ఆ లెక్కలోనే ఉంది అంతా. కొబ్బరి నూనె 100 గ్రాములు సబ్బు అవ్వాలంటే దాదాపు 18.3 గ్రాముల కాస్టిక్ సోడా కావాలి. అదే ఆలివ్ నూనెకైతే 13.5 చాలు. ఒక నూనె అయిపోయిందని అదే కొలతలో ఇంకో నూనె పోసేస్తే సబ్బు చర్మాన్ని కొరుకుతుంది, లేదా జిడ్డుగా మిగిలిపోతుంది. వచ్చిన లెక్కలో నూటికి ఐదు వంతులు సోడా తగ్గించి వేస్తే కొంచెం నూనె మిగిలి చర్మానికి హాయిగా ఉంటుంది. కప్పులతో, చెంచాలతో కొలవకు. గ్రాములు చూపించే కాటా లేనిదే మొదలుపెట్టకు. కొబ్బరి నూనె ఒక్కదానితోనే చేస్తే నురుగు బాగా వస్తుంది కానీ చర్మం పొడిబారుతుంది, మొదటిసారి మూడు వంతులు అది, ఏడు వంతులు ఆలివ్ పెట్టుకో.

సోడాని నీళ్లలో వెయ్యాలి. నీళ్లని సోడా మీద ఎప్పుడూ పొయ్యకూడదు, ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. సోడాకి రెట్టింపు బరువు నీళ్లు, చన్నీళ్లు. పొయ్యి లేకుండానే అవి 80 డిగ్రీల దాకా వేడెక్కుతాయి, ఆవిరి వస్తుంది. కిటికీలు తెరువు, మొహం పక్కకి పెట్టు, కళ్లని చుట్టూ కప్పే రక్షణ కళ్లద్దాలు, గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా వేసుకో. గిన్నె స్టీలుదే. అల్యూమినియం పనికిరాదు, సోడా దాన్ని తినేస్తూ హైడ్రోజన్ వదులుతుంది, అది అంటుకునే వాయువు. అచ్చులుగా పాత అట్ట పాల డబ్బాలు వాడతానన్నావు, మంచి ఆలోచన. కానీ లోపల వెండిలా మెరిసే రేకు ఉన్నవి వద్దు. నూనె, సోడా నీళ్లు రెండూ గోరువెచ్చగా అయ్యాక కలుపు. గరిటె ఎత్తితే జారిన ధార పైన గీతలా నిలిచిందంటే అచ్చులో పోసెయ్యొచ్చు. మర్నాడు ముక్కలు కోసి, గాలి తగిలేచోట నాలుగు నుంచి ఆరు వారాలు ఆరనివ్వు. నీకు ఆత్రం ఎక్కువ, మొదటి వారమే ఒకటి తీసుకుని రుద్దుకుంటావు. వద్దు తల్లీ.

చర్మం మీద సోడా పడితే పంపు కింద పెట్టి పావుగంట పైనే కడుగు. వెనిగర్, నిమ్మరసం పొయ్యకు.

ఇప్పుడు ఆ సంగతి.

నాకప్పుడు 19 ఏళ్లు. మీ నాన్నకి ఏడు. నేనూ నీలాగే, ఏదీ పారేయనిచ్చేదాన్ని కాదు. ఇంట్లో ఒక పాత షర్బత్ సీసా ఉండేది. మెడ సన్నగా, అడుగు వెడల్పుగా, ఎండలో పెడితే మెరిసేది. దాని మీద నేను ఆకుపచ్చ తీగ వేశాను, అడుగు నుంచి మూత దాకా మెలికలు తిరుగుతూ. తీగకి ఎర్ర పువ్వులు. వారం రోజులు పట్టింది. మీ నాన్న పక్కన కూర్చుని బ్రష్ కడిగిచ్చేవాడు. "ఇది ఎవరికక్కా?" అని రోజూ అడిగేవాడు. నీకే అని ఒకసారి అన్నాను, ఊరికే.

ఆ వేసవిలో సబ్బు చెయ్యడం నేర్చుకున్నాను. ఒక రోజు సోడా నీళ్లు ఎక్కువ కలిపాను. పారెయ్యడానికి మనసొప్పలేదు. చల్లారాక చూస్తే మామూలు నీళ్లలా తేటగా ఉన్నాయి, వాసన లేదు, రంగు లేదు. ఖాళీగా కనిపించింది ఆ తీగల సీసానే. అందులో పోసి, మూత పెట్టి, కిటికీ గట్టు మీద పెట్టాను. రేపు వాడదాం అనుకున్నాను. నాకు గుర్తుంటుంది కదా అనుకున్నాను. గుర్తుంది కూడా. కానీ ఆ గుర్తు నా తలలో ఉంది, సీసా మీద లేదు.

మధ్యాహ్నం వాడు ఆటల నుంచి వచ్చాడు. నేను వెనక బట్టలు ఆరేస్తున్నాను. సీసా పగిలిన చప్పుడు వినిపించింది. తర్వాత అరుపు కూడా కాదు, ఊపిరి లోపలికి లాగిన చప్పుడు. పరుగున వెళ్లేసరికి వాడు రెండు చేతులూ నోటి ముందు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. గడ్డం మీద నుంచి లాలాజలం తీగలా సాగుతోంది. నా చేత్తో తుడిస్తే జారుడుగా తగిలింది, సబ్బులాగే. ఆ జారుడు నా వేళ్లకి ఇప్పటికీ తెలుసు. పెదవులు తెల్లబడి ఉబ్బుతున్నాయి. నేలంతా గాజు పెంకులు, ఎర్ర పువ్వులు.

పక్కింటావిడ వచ్చి ఉప్పునీళ్లు తాగించి కక్కిద్దాం అంది. నేను నిమ్మకాయ కోసం పరిగెత్తాను. మా అమ్మ ఇద్దర్నీ ఆపింది. నోరు నీళ్లతో పుక్కిలించి ఉమ్మించి, వాణ్ని ఎత్తుకుని ఆసుపత్రికి వెళ్లిపోయింది. అది తెలిసి చేసిందో, భయంలో చేసిందో నేనెప్పుడూ అడగలేదు. డాక్టరు తర్వాత చెప్పాడు: కక్కిస్తే లోపలికి పోయింది మళ్లీ పైకొచ్చి గొంతుని రెండోసారి కాల్చేది. నిమ్మరసం పోస్తే పుల్లనిదీ సోడా కలిసి ఇంకా వేడి పుట్టేది. పిల్లాడు నోట్లో పోసుకున్నది మింగకుండా ఉమ్మేశాడు కాబట్టి అన్నవాహిక బతికింది అన్నాడు. మింగి ఉంటే ఏమయ్యేదని మా నాన్న అడిగాడు. డాక్టరు నా వైపు చూసి, జవాబు చెప్పకుండా రాసుకోవడం మొదలుపెట్టాడు.

తొమ్మిది రోజులు చల్లటి పాలు తప్ప ఏమీ మింగలేకపోయాడు. ఇంట్లో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. పదో రోజు వాడికి మాట వచ్చింది. నా దగ్గరికొచ్చి, "అక్కా, నా తీగల సీసా పగిలిపోయింది" అన్నాడు. తన తప్పన్నట్టు చెప్పాడమ్మా. నేను వేసిన తీగ చూసే కదా అది తనదనుకున్నాడు. నీకే అన్నది నేనే కదా.

మీ నాన్న ఏ గ్లాసు నీళ్లైనా ముందు వాసన చూసి తాగుతాడని నువ్వు వెక్కిరించేదానివి, గుర్తుందా? నువ్వలా నవ్వుతుంటే వాడూ నవ్వేవాడు. నేను అక్కణ్ణించి లేచి వెళ్లిపోయేదాన్ని. కింది పెదవి లోపల సన్నటి తెల్ల గీత ఉంటుంది, అడిగితే చూపిస్తాడు.

కాబట్టి నా మాట విను. అచ్చుగా వాడే పాల డబ్బా సంగతి వేరు, అది తప్ప తాగే సీసాలో, తినే డబ్బాలో తాగనిదీ తిననిదీ పొయ్యకు. ఒక్క పూటకి కూడా వద్దు. సోడా నీళ్లు ఎప్పటికప్పుడు కావలసినంతే కలుపు, మిగిల్చకు. పొడి సోడా కొన్న డబ్బాలోనే ఉండాలి, మూత బిగించి, తాళం వేసి. సబ్బుకి వాడిన గిన్నె, గరిటె మళ్లీ వంటకి రాకూడదు, వాటి పిడికి ఎర్ర టేపు చుట్టు. జాడీలకి రంగులు వేస్తావు కదా, వెయ్యి, నీ చేతి పని చూడాలని నాకూ ఉంది. ముందు చీటీ అంటించు, తర్వాత రంగు ముట్టుకో. చీటీ మీద ఏమిటది, ఏమేం కలిపావు, ఏ రోజు చేశావు, మూడూ ఉండాలి. బాదం నూనె వేస్తే బాదం అని రాయి, గింజలు పడనివాళ్లు ఉంటారు. పెన్నుతో రాసింది తడికి చెరిగిపోతుంది, పైన టేపు వెయ్యి.

ఇంకొకటి. చీటీల మీద "కెమికల్స్ లేవు" అని వేస్తానన్నావట. అది రాయకు. సోడాతో చేసిన సబ్బు మీద ఆ మాట అబద్ధం. నీళ్లు కూడా రసాయనమే. నువ్వేం వేశావో అది రాస్తే చాలు, తీసుకునేవాళ్లకి కావలసింది అదే.

ఇంతా చెప్పి వద్దంటానని అనుకోకు. నేను మళ్లీ సబ్బు చేశాను, ఆ తర్వాత ఆరేళ్లకి. మొదటి ముక్క మీ నాన్నే వాడాడు. వాసన చూసి, నవ్వి, స్నానానికి వెళ్లాడు.

వచ్చే శనివారం వస్తున్నాను. నా కాటా, కళ్లద్దాలు తెస్తాను. నేను వచ్చేదాకా ఆ సోడా డబ్బా మూత తియ్యకు. సోడా నువ్వే వెయ్యి, నేను పక్కన నిలబడతాను. ఆ పూట మాత్రం ఏదో ఒక పని చెప్పి మీ నాన్నని బయటికి పంపు.

ప్రేమతో,
అత్తయ్య