గడ్డి పెంచితే కుందేళ్ళు, నక్కలు రెండూ ఎందుకు పోతున్నాయి

మీ సిమ్యులేషన్‌లో గడ్డి పెంచగానే కుందేళ్ళు, నక్కలు ఎగిసిపడి చివరికి దాదాపు సున్నాకి పోతున్నాయన్నారు కదా, అది కోడ్ తప్పు కాకపోవచ్చండి. జీవావరణ శాస్త్రవేత్త రోజెన్‌జ్వైగ్ 1971లోనే దీన్ని చూపించారు, పారడాక్స్ ఆఫ్ ఎన్‌రిచ్‌మెంట్ అంటారు, అంటే తిండి పెంచితే మేలు జరగకపోగా జంతువుల సంఖ్యలే అదుపు తప్పడం. మీరు వాడింది హోలింగ్ టైప్ 2, అంటే కుందేళ్ళు ఎన్నుంటే ఒక నక్క ఎన్ని తింటుందో చెప్పే సూత్రాల్లో ఒకటి, అందులో నక్క ఒకదాన్ని పట్టి తినేలోపు ఇంకోదాన్ని పట్టలేదు, అందుకే కుందేళ్ళు మరీ ఎక్కువైతే నక్కలకి అదుపు చిక్కదు, ఈలోపు నక్కలు పిల్లల్ని పెట్టి పెట్టి పెరిగిపోతాయి, అప్పుడు కుందేళ్ళు ఒక్కసారిగా పడిపోతాయి, వెనకే నక్కలు కూడా.

ముందు టైమ్ స్టెప్ (సిమ్యులేషన్ ఒక్కో అడుగులో దాటే సమయం) సగం చేసి, ఇది లెక్కలో తప్పు వల్ల కాదని చూసుకోండి. అప్పటికీ అలాగే వస్తే కొన్ని కుందేళ్ళకి దాక్కునే చోటు పెట్టండి, లేదా టైప్ 3కి మార్చండి, అందులో కుందేళ్ళు తక్కువున్నప్పుడు నక్కలకి అవి చాలా అరుదుగా చిక్కుతాయి. నేనైతే దాక్కునే చోటే పెడతా, నిజం అడవిలోనూ వేటాడే జంతువుకి అన్నీ దొరకవు కదా.