కెటిల్‌లో సున్నం, జేబుకి చిల్లు

తమ్ముడూ, నీళ్ళు కాచిన ప్రతిసారీ కెటిల్ అడుగున తెల్లటి పొర కడుతోంది, ఆ నీళ్ళు తాగొచ్చా అని అడిగావు. తాగొచ్చు. అది కాల్షియం, మెగ్నీషియం, అంతే. నీళ్ళ కాఠిన్యానికి, అంటే నీళ్ళలో ఈ రెండూ ఎంత ఉన్నాయన్నదానికి, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఆరోగ్యరీత్యా పరిమితి ఏదీ పెట్టలేదు. ఒంటికి ఏమీ కాదు. నేను చెప్పేది జేబు సంగతి.

నేను వచ్చిన కొత్తలో నాకూ ఇదే భయం పట్టుకుంది. చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. కుళాయి నీళ్ళు పాడైపోయాయనుకుని ఏడెనిమిది నెలలు బాటిల్ నీళ్ళే కొన్నాను. ఇంటికి పంపాల్సిన డబ్బులో కోత పెట్టి మరీ కొన్నాను. ఆ లెక్క ఇప్పటికీ నా పాత డైరీలో ఉంది, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. తాగే నీళ్ళకి అంత ఖర్చుపెట్టినవాణ్ణి, బట్టలు ఉతికే మెషీన్‌లోకి అవే నీళ్ళు పోతున్నాయని ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఉతికిన తువ్వాళ్ళు అట్టల్లా బిరుసుగా వచ్చేవి. సబ్బుపొడి చాలడం లేదేమోనని ఇంకో గరిటెడు వేసేవాణ్ణి. దాంతోపాటు ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ కూడా పోసేవాణ్ణి. పేరులో సాఫ్ట్ ఉంది కదా, నీళ్ళనీ మెత్తబరుస్తుందనుకున్నాను. అది బట్టకే పడుతుంది, నీళ్ళలో సున్నాన్ని ఏమీ చేయదు. రెండేళ్ళు తిరక్కుండానే మెషీన్‌లో నీళ్ళు వేడెక్కడం మానేశాయి. రిపేరుకి వచ్చినతను హీటర్ కాయిల్ ఊడదీసి నా చేతిలో పెట్టాడు. వేలంత లావు కడ్డీ, చుట్టూ పళ్ళకి గార పట్టినట్టు బూడిదరంగు పెచ్చులు. గోటితో గీకితే రాలేదు. పొర మందమైతే కాయిల్‌లోని వేడి, నీళ్ళకి సరిగా అందదు, కాయిల్ తనలో తానే కాలిపోతుంది. అది కాలేలోపు కరెంటు కూడా ఎక్కువే లాగుతుంది. మెషీన్ ఇంటి ఓనరుది. అడ్వాన్సులోంచి కోసేశాడు. నెల జీతమంతా వచ్చినట్టే వచ్చి పోయింది.

అప్పటినుంచి కూర్చుని ఒక్కొక్కటీ నేర్చుకున్నాను. ఇన్నేళ్ళలో మళ్ళీ ఒక్క కాయిల్ పోలేదు. మీ వయసు పిల్లలు రెండు వీడియోలు చూసి అన్నీ తెలుసనుకుంటారు, కాస్త ఓపిగ్గా విను.

ముందు మీ ప్రాంతం నీళ్ళలో ఎంత కాఠిన్యం ఉందో నీళ్ళు సరఫరా చేసేవాళ్ళ వెబ్‌సైట్‌లో చూసుకో. ఈ సున్నం (కాల్షియం కార్బొనేట్) లెక్కన లీటరుకి 120 మిల్లీగ్రాములు దాటితే గట్టి నీళ్ళు, 180 దాటితే మరీ గట్టివి. లెక్క వేసి చూడు: 300 ఉన్న నీళ్ళు రోజూ రెండు లీటర్లు కాస్తే నెలకి 18 గ్రాముల సున్నం ఆ కెటిల్‌లోంచి వెళ్తుంది. అంతా అడుగున దిగదు కానీ, దిగినంతవరకు చాలు. వేడి పెరిగేకొద్దీ ఎక్కువ దిగుతుంది, అందుకే బట్టలు 30, 40 డిగ్రీల్లోనే ఉతుకు. సబ్బుపొడి ఎంత వేయాలో ప్యాకెట్ వెనక గట్టి నీళ్ళకి వేరే కొలత ఉంటుంది. అంతే వెయ్యి, నాలాగా గరిటెలు పెంచకు.

కెటిల్‌కి నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్). సున్నం పోగొట్టడానికని అమ్మే ఖరీదైన డబ్బాలు కొనకు, చాలా వాటిలో ఉండేది ఇలాంటి ఆమ్లమే. లీటరు గోరువెచ్చటి నీళ్ళలో చెంచాడు వేసి అరగంట వదిలెయ్యి. సోడాలా బుసబుసమని పొంగుతుంది, పెచ్చులు వాటంతటవే విడిపోతాయి. మసిలే నీళ్ళలో వేయకు, ఇంకో రకం తెల్ల పొర కట్టవచ్చు. తర్వాత రెండుసార్లు కడిగి, ఒకసారి మంచినీళ్ళు కాచి పారబొయ్యి. షవర్ తలకి, కుళాయి మూతి జల్లెడకి వెనిగర్ చాలు. ఒకటి మాత్రం గుర్తుంచుకో: నిమ్మ ఉప్పునిగానీ వెనిగర్‌నిగానీ బ్లీచ్‌తో ఎప్పుడూ కలపకు, విషవాయువు వస్తుంది.

గిన్నెలు తోమే మెషీన్‌కి అడుగున ఉప్పు పోసే అర ఉందేమో చూడు, కొన్నిటికే ఉంటుంది. ఉంటే దానికి అమ్మే ముతక ఉప్పే పొయ్యాలి. నేను డబ్బు మిగులుతుందని వంటింటి ఉప్పు పోశాను. గడ్డకట్టకుండా అందులో కలిపే పదార్థాలు లోపలి నీళ్ళు మెత్తబరిచే భాగాన్ని పట్టేశాయి. గ్లాసులన్నీ పొగ పట్టినట్టు తెల్లగా వచ్చాయి, మిగిల్చిన దానికి పదింతలు రిపేరుకి పోయింది. మీ ప్రాంతం కాఠిన్యం అంకెని ఆ మెషీన్ సెట్టింగులో కూడా పెట్టాలి, ఆ పని చాలామంది చెయ్యరు.

అద్దె ఒప్పందంలో ఏది ఎవరి బాధ్యతో రాసే ఉంటుంది, చదువుకో. ఇంట్లో దిగిన రోజే కుళాయిలు, షవర్, మెషీన్ తలుపు రబ్బరు, కెటిల్ ఓనరుదైతే దాని అడుగు, అన్నీ తేదీ పడేలా ఫొటోలు తీసి ఓనరుకి మెయిల్ చెయ్యి. నువ్వు వచ్చి మూడు వారాలే అన్నావు, ఇప్పుడు తీసినా పనికొస్తాయి. ఈ రాత్రే తియ్యి, నిమ్మ ఉప్పు వేసే ముందే.