బేరింగ్‌లో నూనెకి విస్కోఎలాస్టిక్ మోడల్ పెట్టాలా, నూనె పొరలో ప్రెషర్ లెక్కించే మామూలు రేనాల్డ్స్ సమీకరణం చాలా?

మీరు అడిగింది మల్టీగ్రేడ్ ఆయిల్‌తో (పాలిమర్ కలిపిన ఆయిల్) నడిచే జర్నల్ బేరింగ్ (పల్చటి నూనె పొర మీద షాఫ్టు తిరిగే బేరింగ్) గురించి కాబట్టి సూటిగా చెబుతున్నాను, ముందే ఓల్డ్‌రాయిడ్-బి అనే విస్కోఎలాస్టిక్ మోడల్ (ద్రవం పారుతూనే కాస్త రబ్బరులా సాగుతుందనే లెక్క) జోలికి వెళ్లకండి. ఎం.టెక్‌లో నేను వెళ్లాను, ఒక సెమిస్టర్ అంతా పోయింది.

నా కోడ్‌లో బేరింగ్ మోసే లోడ్ దాదాపు రెట్టింపు వచ్చింది, ఇక పేపర్ రాసేయడమే అనుకున్నాను. మా గైడ్‌గారు ప్రింటౌట్ చూసి "మెష్ సగం చెయ్యి" అన్నారు, అంటే లెక్క కోసం సందుని విడగొట్టిన గళ్ల సైజు సగానికి తగ్గించమని. చేస్తే లోడ్ మారిపోయింది, ఇంకోసారి సగం చేస్తే లెక్క పేలిపోయింది. మర్నాడు ఆయన రెండు గ్లాసులు తెచ్చారు, ఒకదాంట్లో కోడిగుడ్డు తెల్లసొన, ఇంకోదాంట్లో 15డబ్ల్యూ-40 మల్టీగ్రేడ్ ఆయిల్. డ్రిల్లింగ్ మిషన్‌కి స్టీలు కడ్డీ బిగించి తిప్పారు. తెల్లసొన కడ్డీని పట్టుకుని పైకి పాకింది, వైజెన్‌బర్గ్ ప్రభావం అంటే అదే. ఆయిల్ మాత్రం కడ్డీ చుట్టూ కాస్త గుంటపడి ఊరుకుంది. "నీ కోడ్‌లో ఉన్నది ఏ గ్లాసు?" అని అడిగారు.

లెక్క మీరే వేసి చూడండి. షాఫ్టు వ్యాసం 50 మి.మీ., వేగం 3000 ఆర్‌పీఎం అనుకుంటే ఉపరితల వేగం సెకనుకు 7.85 మీటర్లు. సందు 20 మైక్రాన్లయితే షియర్ రేటు (నూనె పొరలు ఒకదాని మీద ఒకటి జారే రేటు) సెకనుకు దాదాపు 4 లక్షలు. రిలాక్సేషన్ టైమ్ (సాగిన పాలిమర్ మళ్లీ మామూలు స్థితికి రావడానికి పట్టే టైమ్) 10 మైక్రోసెకన్లు అనుకున్నా, ఆ రెండిటినీ గుణిస్తే వైజెన్‌బర్గ్ సంఖ్య 4 వస్తుంది, అది చూసే అందరూ కంగారుపడతారు. కానీ ప్రెషర్‌ని ఎంత మార్చాలో తేల్చేది డెబొరా సంఖ్య, అంటే ఆ టైముని నూనె సందులో ప్రయాణించే టైముతో పోల్చి చూడటం, అది ఇక్కడ 0.002 కూడా లేదు. పైగా 1950 నాటి ఆ ఓల్డ్‌రాయిడ్-బిలో షియర్ ఎంత పెరిగినా విస్కాసిటీ (చిక్కదనం) తగ్గదు, మల్టీగ్రేడ్ ఆయిల్‌లో పాలిమర్ వల్ల మొదట కనిపించేదే ఆ తగ్గడం (షియర్ థిన్నింగ్)! ముందు షియర్ థిన్నింగ్, ఉష్ణోగ్రత రెండూ రేనాల్డ్స్‌లో పెట్టండి.

బాల్ బేరింగ్ అయితే నా మాట మారుతుంది, అక్కడ కాంటాక్ట్ పొడవు మిల్లీమీటరులో చిన్న ముక్క, డెబొరా సంఖ్య ఒక్కసారిగా పెరుగుతుంది. మోకాలి కీలులో హయలురోనిక్ ఆమ్లం ఉన్న ద్రవం కూడా వేరే కథ, అది తెల్లసొనలాగే తీగ సాగుతుంది.

నాకు ఒళ్లు మండేది ఎక్కడంటే, పేపర్ల నిండా రిలాక్సేషన్ టైమ్ గ్రాఫు బాగా కనిపించేలా ఎంచుకున్న అంకె. మీ ఆయిల్‌కి ఆ టైమ్ ఎవరు కొలిచారు, ఏ ఉష్ణోగ్రత దగ్గర? అది కామెంట్‌లో రాయండి, మోడల్ సంగతి అప్పుడు చూద్దాం.