పత్రికలో పేరు మారాలి, మిగతాదేదీ కదలకూడదు

ప్రశ్న: మా చిన్నాయనకు చిత్తూరులో చిన్న ప్రింటింగ్ ప్రెస్ ఉంది. పెళ్లి పత్రికల డిజైన్లన్నీ ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో చేసిన ఎస్‌వీజీ ఫైళ్లే, అంటే బొమ్మను ట్యాగులతో రాసిపెట్టే ఎక్స్ఎంఎల్ ఫైళ్లు. వధూవరుల పేర్లు, ముహూర్తం, మండపం పేరు ప్రతిసారీ చేత్తో మారుస్తున్నారు, సీజన్‌లో రాత్రిళ్లు కూడా కూర్చోవాల్సి వస్తోంది. బి.టెక్‌లో పైథాన్ నేర్చుకున్నాను కదా అని దాంతోనే వచ్చే ఎక్స్ఎంఎల్ లైబ్రరీ ఎలిమెంట్‌ట్రీతో స్క్రిప్టు రాశాను. ముందు టెక్స్ట్ ట్యాగే దొరకలేదు. ఎలాగో పట్టుకుని సేవ్ చేస్తే ఫైల్ నిండా ఎన్‌ఎస్0, ఎన్‌ఎస్1 అని వచ్చాయి, తెలుగు అక్షరాల చోట &#3108; లాంటి అంకెలు వచ్చాయి, డిజైనర్ అన్న రాసిపెట్టుకున్న కామెంట్లు పోయాయి. ఒక ఫ్రెండ్ రెగెక్స్ (నమూనా ఇచ్చి అక్షరాలను వెతికి మార్చడం) చాలంటాడు, ఇంకొకడు బ్యూటిఫుల్‌సూప్ అంటాడు, మరొకడు ఎల్ఎక్స్ఎంఎల్ అనే లైబ్రరీ అంటాడు. ఏది వాడాలి?
– ఒక విద్యార్థి, చిత్తూరు

జవాబు: ఎల్ఎక్స్ఎంఎల్ వాడండి. ఎందుకో కూడా చెబుతాను, ఎందుకంటే రేపు ఇంకో రకం ఫైల్ చేతికొచ్చినప్పుడు ఇదే ప్రశ్న మళ్లీ వస్తుంది.

ఫైల్ మీరు కొత్తగా తయారు చేస్తుంటే ఏ లైబ్రరీ అయినా ఫరవాలేదు. కానీ ఇక్కడ ఫైల్ వేరేవాళ్లది, మీరు అందులో నాలుగు మాటలు మారుస్తున్నారు, అంతే. కాబట్టి ఎంత వేగం, ఎంత సులువు అనేవి తర్వాత చూసుకోవచ్చు, మీరు ముట్టుకోనిదాన్ని ఉన్నది ఉన్నట్టు తిరిగి ఇస్తుందా లేదా అన్నదే ముందు చూడాలి. దీన్ని పరీక్షించడం తేలిక. ఫైల్ తెరిచి, ఏమీ మార్చకుండా ఇంకో పేరుతో సేవ్ చేసి, రెండూ పోల్చండి. లైన్లు లైన్లుగా పోలిస్తే మాత్రం కంగారు పడతారు, ఎందుకంటే ఇంక్‌స్కేప్ ఒక్కో యాట్రిబ్యూట్‌ను (ట్యాగులోని వివరాన్ని) ఒక్కో లైన్‌లో రాస్తుంది, లైబ్రరీలు అన్నింటినీ ఒకే లైన్‌లోకి తెస్తాయి, దానివల్ల నష్టమేమీ లేదు. పైథాన్ 3.8 నుంచి ఎలిమెంట్‌ట్రీలోనే ఫైల్‌ను ఒక ప్రామాణిక రూపంలోకి తెచ్చే కానానికలైజ్ అనే ఫంక్షన్ ఉంది, రెండు ఫైళ్లనూ కామెంట్లతో సహా దాంట్లో వేసి, వచ్చినవి రెండూ ఒకటేనా అని చూడండి.

ఎలిమెంట్‌ట్రీ మీకు చేసినదంతా దాని పద్ధతి ప్రకారమే చేసింది. ఎస్‌వీజీలో ప్రతి ట్యాగూ ఒక నేమ్‌స్పేస్‌లో, అంటే ఆ ట్యాగు ఏ కోవదో చెప్పే ఇంటిపేరు లాంటిదాని కింద ఉంటుంది, ఉత్త టెక్స్ట్ అని వెతికితే దొరకదు, నేమ్‌స్పేస్ కలిపి అడగాలి. ఇది ఎల్ఎక్స్ఎంఎల్‌లో కూడా అంతే. చదివేటప్పుడు ఎలిమెంట్‌ట్రీ ప్రిఫిక్సులను (నేమ్‌స్పేస్‌లకు ఫైల్‌లో పెట్టిన పొట్టి పేర్లను) గుర్తుపెట్టుకోదు, రాసేటప్పుడు ఎన్‌ఎస్0 అని సొంతంగా పెడుతుంది, అలా పెట్టకూడదంటే మనమే ఒక్కొక్కటీ రిజిస్టర్ చేయాలి. కామెంట్లను మామూలుగా వదిలేస్తుంది, 3.8 నుంచి ఉంచుకోమని చెప్పే వీలుంది. ఇన్ని జాగ్రత్తలు పడే బదులు, సీ భాషలో రాసిన లిబ్‌ఎక్స్ఎంఎల్2 మీద నడిచే ఎల్ఎక్స్ఎంఎల్ తీసుకుంటే ప్రిఫిక్సులు, కామెంట్లు అడగకుండానే నిలుస్తాయి, ట్యాగులను వెతకడానికి వాడే ఎక్స్‌పాత్ 1.0 కూడా పూర్తిగా వస్తుంది. పిప్‌తో ఇన్‌స్టాల్ అయిపోతుంది, విండోస్‌లో కంపైలర్ కూడా అక్కర్లేదు.

ఇక ఆ అంకెల సంగతి. యూనికోడ్‌లో త అనే అక్షరం సంఖ్య 3108. సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ (అక్షరాలను ఫైల్‌లో రాసే పద్ధతి) చెప్పకపోతే ఆస్కీలో రాస్తుంది, ఆస్కీలో తెలుగు లేదు కాబట్టి అంకెలు పెడుతుంది. ఇంక్‌స్కేప్‌లో తెరిస్తే అక్షరాలు సరిగ్గానే కనిపిస్తాయి, కానీ ఆ ఫైల్‌ను ఎడిటర్‌లో తెరిచి పేరు వెతకడం ఎవరివల్లా కాదు. ఎల్ఎక్స్ఎంఎల్‌కి మారినా ఈ పని తప్పదు, రాసేటప్పుడు యూటీఎఫ్-8 అని మీరే చెప్పాలి.

రెగెక్స్ వద్దు. మన పత్రికల్లో "శ్రీమతి & శ్రీ" లేకుండా ఉండదు. ఆ & గుర్తును ఉన్నది ఉన్నట్టు ఫైల్‌లో అతికిస్తే ఎక్స్ఎంఎల్ చెడిపోయి ఫైల్ తెరుచుకోదు, లైబ్రరీ అయితే దాన్ని &amp; అని తనే మార్చి రాస్తుంది. బ్యూటిఫుల్‌సూప్ పుట్టిందే వెబ్ పేజీలు చదవడానికి. మామూలు హెచ్‌టీఎంఎల్ పార్సర్‌తో ఎస్‌వీజీ తెరిస్తే కొలతలు చెప్పే వ్యూబాక్స్ అనే మాటలోని పెద్ద బీ చిన్న బీ అయిపోతుంది. ఎస్‌వీజీలో చిన్న, పెద్ద ఇంగ్లీషు అక్షరాలకు తేడా ఉంది, దాంతో కొలతలు దెబ్బతింటాయి, రంగుల మేళవింపు చెప్పే లీనియర్‌గ్రేడియంట్‌కీ అదే గతి పట్టి రంగులు పోతాయి.

స్క్రిప్టులో ఇంకో చోట చాలామందికి తేడా వస్తుంది. ఇంక్‌స్కేప్‌లో పేరు టెక్స్ట్ ట్యాగ్‌లో ఉండదు, దాని లోపలి టీస్పాన్ అనే ట్యాగ్‌లో ఉంటుంది. మీరు టెక్స్ట్‌కి కొత్త పేరు ఇస్తే పాత పేరు టీస్పాన్‌లో అలాగే ఉండిపోయి, పత్రిక మీద ఇద్దరు పెళ్లికూతుళ్ల పేర్లు పక్కపక్కన అచ్చవుతాయి! అందుకని డిజైనర్ అన్నను అడిగి, మారే ప్రతి టీస్పాన్‌కీ వధువు, వరుడు, ముహూర్తం అని అర్థమయ్యే ఐడీలు ఒకసారి పెట్టించండి, తర్వాత ఎక్స్‌పాత్‌తో ఐడీని బట్టి పట్టుకోవచ్చు. ప్రెటీ ప్రింట్ (ఫైల్‌ను ఖాళీలు పెట్టి అందంగా సర్ది రాయడం) జోలికి పోకండి, ఆ టెక్స్ట్ ట్యాగుల్లో ఖాళీలను అలాగే ఉంచమనే గుర్తు ఉంటుంది, అందంగా సర్దడానికి పెట్టిన ఖాళీలు పత్రిక మీద కూడా ఖాళీలే అవుతాయి.

ఒక్క విషయం ముందే చూసుకోండి. పాత డిజైన్లలో అను ఫాంట్లు ఉంటే ఫైల్ లోపల ఉండేవి తెలుగు అక్షరాలు కావు, ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు, ఫాంట్ వల్ల తెలుగులా కనిపిస్తాయి. అక్కడ యూనికోడ్ పేరు పెడితే డబ్బాలు రావచ్చు, లేదా ఆ ఒక్క లైన్ వేరే రూపంలో పడుతుంది. స్క్రిప్టులోనే ఆ టీస్పాన్ ఫాంట్‌ను మండలి, రామభద్ర లాంటి యూనికోడ్ ఫాంట్‌కి మార్చండి. వెంకట సుబ్రహ్మణ్యేశ్వర లాంటి పొడుగు పేరు ఫ్రేమ్ దాటిపోయినా లైబ్రరీకి తెలియదు, కాబట్టి పీడీఎఫ్ తీసి ప్లేటుకి పంపేముందు చిన్నాయన ఒకసారి కళ్లతో చూడాల్సిందే.

ప్రశ్న: తిరుపతిలో ఆడిటర్ ఆఫీసులో చేస్తాను. క్లయింట్లు పంపే వోచర్ల ఎక్స్ఎంఎల్ ఫైల్ ఒక్కోటి జీబీ దాకా ఉంటుంది, తెరవగానే సిస్టమ్ హ్యాంగ్. పైగా కొన్ని ఫైళ్లలో &#4; దగ్గర ఎర్రర్ వచ్చి ఆగిపోతుంది.
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఫైల్ మొత్తం ఒకేసారి చదివే పార్స్ బదులు ముక్కలుగా చదివే ఐటర్‌పార్స్ వాడండి, ఒక్కో వోచర్ వస్తూ ఉంటుంది, పని అయ్యాక క్లియర్ చేయండి. అంతకుముందు దాటిపోయిన ఖాళీ ఎలిమెంట్లను కూడా తీసేయాలి, లేకపోతే మెమరీ మళ్లీ నిండుతుంది. &#4; అనేది ఎక్స్ఎంఎల్ 1.0 ఒప్పుకోని గుర్తు, తప్పు ఫైల్‌దే. ఎల్ఎక్స్ఎంఎల్‌లో రికవర్ ఆప్షన్ పెడితే ముందుకు పోతుంది కానీ ఏం వదిలేసిందో గట్టిగా చెప్పదు. లెక్కల ఫైల్ కాబట్టి, ముందు ఆ గుర్తును మీరే తీసేసి తర్వాత పార్స్ చేయండి, వోచర్ల సంఖ్య, మొత్తం సొమ్ము ఒరిజినల్ రిపోర్టుతో సరిచూడండి.

ప్రశ్న: సెట్టింగులు రాసిపెట్టే యామల్ ఫైల్‌ను పైథాన్‌తో మార్చి సేవ్ చేస్తే కామెంట్లన్నీ పోతున్నాయి.
– పాకాల నుంచి ఒక పాఠకుడు

జవాబు: పైయామల్ లైబ్రరీ కామెంట్లను ఉంచదు. రువామెల్ యామల్ లైబ్రరీ వాడండి, కామెంట్లు, వరుస రెండూ నిలుస్తాయి.